దుబాసి సంతకం

హార్‌గ్రోవ్ మోటార్స్ క్వాలిటీ డిపార్ట్‌మెంట్‌లో జ్ఞానమ్మను అందరూ జీనా అనే పిలుస్తారు. ఆమె బల్ల మీద పేరు పలక కూడా అదే అంటుంది. 1987 అక్టోబరులో ఒక సోమవారం ఉదయం ఆ పలకే ఆమెను ఇరకాటంలో పెట్టింది.

తలుపు దగ్గర ఒక పెద్దమనిషి టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. నీలం పని కోటు, జేబులో సుద్దముక్కలు. గదిలో ఉన్న నలుగురు టైపిస్టుల పేర్లూ ఒక్కొక్కటే చదువుకుంటూ వచ్చి జ్ఞానమ్మ బల్ల ముందు ఆగాడు. జీనా అన్నది ఇటలీలోనూ ఉన్న పేరే. మొహం విప్పారింది. గబగబా ఇటాలియన్‌లో మాట్లాడటం మొదలుపెట్టాడు. మేనేజరు తనని రమ్మన్నాడట, గది ఏదో తెలియడం లేదట.

"అదిగో, ఆ చివరి తలుపు. కూర్చోండి, నేను చెప్తాను" అంది జ్ఞానమ్మ. అన్నాక గాని తను ఇటాలియన్‌లో అన్న సంగతి ఆమెకు తెలియలేదు. మిగతా ముగ్గురి చేతులూ టైప్‌రైటర్ల మీద ఆగిపోయాయి.

గదిలోంచి మేనేజరు కీగన్ తల బయటికి పెట్టాడు. "నీకు ఇటాలియన్ వచ్చా?"

"కొంచెం వచ్చు, మిస్టర్ కీగన్. ఏలూరు దగ్గర ఇటాలియన్ సిస్టర్ల ఆసుపత్రిలో తొమ్మిదేళ్ళు పనిచేశాను."

"ఏలూరు ఇటలీలో ఏ వైపు?"

"ఇండియాలో అండీ."

కీగన్ ఒక్క క్షణం ఆలోచించి, అర్థం చేసుకునే ప్రయత్నం మానుకున్నాడు. "సరే, పుస్తకం తీసుకుని లోపలికి రా. రోవెల్లి వాళ్ళ మనిషి వియానీ గురువారం దాకా న్యూయార్క్‌లో ఉంటాడట. అంతవరకూ ఆగలేను."

ఇటలీలో బెర్గమో ఊరి రోవెల్లి కంపెనీతో హార్‌గ్రోవ్ చేతులు కలిపి ఏడాదిన్నర అయింది. ఇద్దరూ కలిసి చేసేది పైకప్పు మడిచే రెండు సీట్ల కారు. కారు బాడీ బెర్గమోలో తయారై ఓడలో వస్తుంది. ఇంజనూ, చక్రాలూ ఇక్కడ మిషిగన్‌లో బిగిస్తారు. చివర గుడ్డ పైకప్పు ఎక్కించే మేస్త్రి మాత్రం రోవెల్లి మనిషే. అతనే ఈ టోపీ మనిషి. పేరు ఎత్తోరె లొకాతెల్లి.

కీగన్ సూటిగా విషయానికి వచ్చాడు. "పద్నాలుగు కార్లు నీళ్ళ పరీక్షకి పంపితే పదకొండు కార్లలో నీళ్ళు కారాయి. డ్రైవరు ఎడమ మోకాలి మీద పడుతున్నాయి. ఎందుకో అడుగు."

జ్ఞానమ్మ అడిగింది. ఎత్తోరె ముందుకు వంగి రెండు చేతులతో గాలిలో కారు కప్పు గీసి చూపిస్తూ ధారగా మాట్లాడాడు. ఆసుపత్రిలో ఆమె నేర్చుకున్నది జ్వరాలూ, కట్లూ, కాన్పులూ, ప్రార్థనలూ. ఈ మనిషి నోట వస్తున్న మాటల్లో సగం ఆమె ఎన్నడూ విననివి. 'గ్వర్నిజ్యోనె' అన్న మాట మాత్రం తెలుసు. సిస్టర్లు పూజబల్ల గుడ్డకి లేసు అంచు కుట్టేటప్పుడు అనేవారు. దాన్ని పట్టుకుంది.

"అంచు... ట్రిమ్ గట్టిగా ఉందంటున్నారు. గట్టిపడి సరిగ్గా కూర్చోవడం లేదట."

"ట్రిమ్మా?" కీగన్ పక్కనున్న ఇంజనీరు వైపు చూశాడు. ఇంజనీరు కుర్చీలో వెనక్కి వాలాడు.

"ట్రిమ్ అంతా రోవెల్లి వాళ్ళదేగా" అన్నాడతను. ఆ మాటతో అతని మొహం తేటపడింది.

"పదకొండు కార్లు పాడయ్యాయని చెప్పు. దీనికేమంటాడో అడుగు" అన్నాడు కీగన్.

ఎత్తోరె తల అటూ ఇటూ ఊపాడు. "మి దిస్పియాచె" అన్నాడు మెల్లగా. "మోల్తో."

"సారీ అంటున్నారు. చాలా సారీ అని" అంది జ్ఞానమ్మ.

కీగన్ రాసుకున్నాడు.

మధ్యాహ్నం ఆ రాతప్రతి ఆమె బల్ల మీదికే వచ్చింది. నిమిషానికి డెబ్బై మాటలు కొట్టే వేళ్ళు మూడో పేరా దగ్గర నెమ్మదించాయి. 'లోపం ట్రిమ్‌లో ఉన్నదని ఫిట్టర్ ఇ. లొకాతెల్లి అంగీకరించి, క్షమాపణ చెప్పెను. ఇతనిని వెనక్కి పిలిపించుకోవలసినదిగా రోవెల్లి కంపెనీని కోరడమైనది.' కింద కీగన్ సంతకానికి ఒక గీత, దుబాసి సంతకానికి ఒక గీత ఉన్నాయి.

పసిబిడ్డ దక్కలేదని తల్లికి చెప్పేటప్పుడు సిస్టర్ ఆగ్నేసె ఆ తల్లి చెయ్యి పట్టుకుని ఈ మాటే అనేది. మి దిస్పియాచె. నాకు చాలా కష్టంగా ఉందమ్మా అని. బిడ్డ ప్రాణం సిస్టర్ తీసిందని దాని అర్థం కాదు కదా.

మరి ఈయన ఏ అర్థంలో అన్నాడు? అంగీకరించాడా? ఏమో, అంగీకరించే ఉంటాడు. పెద్ద పెద్ద వాళ్ళు కూర్చుని రాసుకున్న మాట. కాగితం తీసుకెళ్ళి ఇచ్చింది. కీగన్ సంతకం పెట్టి, కలం ఆమె వైపు తిప్పాడు. ఆమె కూడా పెట్టింది.

"మంచి పని చేశావు జీనా" అన్నాడతను. "డిసెంబరులో నిన్ను పర్మనెంట్ చెయ్యమని మొన్న శుక్రవారమే రాశాను."

మంగళవారం భోజనాల వేళ జ్ఞానమ్మ కొన్ని కాగితాలు చేతపట్టుకుని నీళ్ళ పరీక్ష గది వైపు వెళ్ళింది. ఎందుకు వెళ్తోందో తనకే స్పష్టంగా తెలియదు. అద్దాల గదిలో ఒక ఎర్ర కారు తడిసి నిలబడి ఉంది. ఎత్తోరె ఒక్కడే ఉన్నాడు. డ్రైవరు సీట్లో కూర్చుని, రొట్టె ఒళ్ళో పెట్టుకుని, తలపైకెత్తి అద్దం మూల చూస్తున్నాడు. సీసం రంగు ఆకాశం. పెద్ద తలుపులు తెరిచి ఉండటంతో లోపల కూడా చేతులు కొంకర్లు పోతున్నాయి.

"సిన్యోరా!" అని లేచాడు. తనను పంపించేస్తున్నారన్న కబురు ఇంకా అతనికి అందలేదు. మొహం చూస్తేనే తెలిసింది. "రండి, చూడండి. నిన్న మీకు సరిగ్గా చెప్పలేకపోయాను."

అతను కప్పు ఎత్తి, అద్దం పైఅంచు వెంట ఉన్న నల్లటి రబ్బరు బీడింగ్ మీద సుద్దముక్క పొడుగునా రుద్దాడు. కప్పు దించి, కొక్కెం బిగించి, మళ్ళీ తెరిచాడు. కప్పుకి అంటిన తెల్లగీత కుడివైపు నిండుగా ఉంది. ఎడమ మూలకి వచ్చేసరికి జానెడు మేర తెగిపోయింది.

తర్వాత ఆమె చేతిలోని కాగితాల్లోంచి ఒకటి అడిగి తీసుకుని, సన్నని పట్టీగా చించి ఆ మూలలో పెట్టి కప్పు మూశాడు. "లాగండి."

లాగింది. కాగితం వెన్నలోంచి వచ్చినట్టు వచ్చేసింది.

ఇప్పుడతను వేడిగాలి యంత్రం తెచ్చి బీడింగ్‌కి నాలుగు నిమిషాలు పట్టాడు. వేళ్ళతో నొక్కి నొక్కి చూశాడు, నాడి చూసే వైద్యుడిలా. మళ్ళీ కాగితం పెట్టాడు. "ఇప్పుడు లాగండి."

కాగితం రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగితే చినిగి సగం ముక్క చేతిలో మిగిలింది.

"బెర్గమోలో మేము వాడిన రబ్బరు వేరు. ఇది మీ కంపెనీ కొని ఇచ్చింది. చలికి చెక్కయిపోతుంది. వచ్చిన రోజే చెప్పాను, సైగలు చేసి చెప్పాను. ఎవరికీ అర్థం కాలేదు" అంటూ ఎత్తోరె బీడింగ్ మీద వేలు పెట్టి తట్టాడు. "గ్వర్నిజ్యోనె. ఇదే."

జ్ఞానమ్మ ఆ నల్లటి రబ్బరు వైపే చూస్తూ ఉండిపోయింది.

"దీన్నే గ్వర్నిజ్యోనె అంటారా?"

"ఇంకేమంటారు?"

"లేసుని?"

"దాన్నీ అంటారు" అని అతను నవ్వాడు. "ఎందుకు?"

జ్ఞానమ్మ వెనక్కి తిరిగింది. కాగితం ముక్క గుప్పిట్లో నలుపుకుంటూ వచ్చేసింది. ఆ మాటని లేసు అంచనుకుని ట్రిమ్ అంటే అది రోవెల్లి వాళ్ళ తప్పు. నీళ్ళు ఆపే రబ్బరనుకుని సీల్ అంటే అది హార్‌గ్రోవ్ వాళ్ళ తప్పు. మధ్యలో తన నోరు.

ఆ సాయంత్రం వంటింట్లో కూర్చుని భర్త కృపావరానికి అంతా చెప్పింది. అతను హాస్పిటల్ ల్యాబ్‌లో డ్యూటీ ముగించుకుని వచ్చి చపాతీ తింటున్నాడు. కూతురు లూసీ ఎదురుగా హోమ్‌వర్క్ చేస్తోంది.

"ఇప్పుడేమంటావ్, జ్ఞానం? వెళ్ళి, అయ్యా నేను తప్పు చెప్పానంటావా?"

"తప్పే చెప్పానుగా అండీ."

"నిన్ను ట్రాన్స్‌లేటర్ పోస్టులో పెట్టుకోలేదు. రానిది రాదని ముందే చెప్తే సరిపోయేది. ఇప్పుడు చెప్తే, నీ మాట ఇంకోసారి ఎవడు నమ్ముతాడు? డిసెంబర్ ఎంతో దూరం లేదు."

"మమ్మీ, హి విల్ గెట్ ఫైర్డ్?" అంది లూసీ తలెత్తి. "నీవల్ల?"

"నావల్ల కాదే... నావల్లే. ఏమో, నాకే తెలీటం లేదు."

"దెన్ యూ హావ్ టు టెల్ దెమ్. ఎందుకు ఇంత థింక్ చేస్తారు మీరిద్దరు?"

కృపావరం చపాతీ ముక్క పళ్ళెంలో పెట్టేసి భార్య వంక చూశాడు. "దానికి పదిహేనేళ్ళు. దానికన్నీ తేలికే" అన్నాడు. కాసేపాగి, "చెప్పేదైతే రేపే చెప్పు. లేటయ్యేకొద్దీ నోరు పెగలదు" అన్నాడు.

బుధవారం చెప్పింది. కీగన్ తిడతాడనుకుంది. అతను తిట్టలేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, మొదటినుంచి చివరిదాకా విన్నాడు. సుద్దగీత సంగతీ, చినిగిన కాగితం సంగతీ రెండుసార్లు చెప్పించుకున్నాడు.

"సీల్ అని కచ్చితంగా తెలుసా నీకు?"

"కళ్ళతో చూశాను, మిస్టర్ కీగన్."

"అయితే మళ్ళీ కూర్చుందాం. రేపు వియానీ కూడా వస్తాడు. అతని ముందే అడుగుదాం" అన్నాడు.

ఆమె అడుగులు తేలికపడ్డాయి. దారిలో పరీక్ష గది ముందు ఆగి, అద్దంలోంచి చెయ్యి ఊపింది. ఎత్తోరె సుద్దముక్క ఎత్తి చూపించాడు.

గురువారం పదిగంటలకి అందరూ కూర్చున్నారు. వియానీ నలభై ఏళ్ళవాడు, చక్కటి సూటు, చక్కటి ఇంగ్లీషు. అరగంట ముందే వచ్చి ఎత్తోరెని వెంటబెట్టుకుని బయట కారిడార్‌లో అటూ ఇటూ తిరిగాడు. లోపలికి వచ్చేటప్పుడు ఎత్తోరె జ్ఞానమ్మ వైపు చూడలేదు. టోపీ ఒళ్ళో పెట్టుకుని దాని అంచు సవరించుకుంటూ కూర్చున్నాడు.

"సోమవారం అతను చెప్పింది మేము పొరపాటుగా అర్థం చేసుకున్నామని జీనా అంటోంది. లోపం దేంట్లో ఉందో అతని మాటల్లోనే చెప్పమను" అన్నాడు కీగన్.

జ్ఞానమ్మ అడిగింది. ఈసారి మాట తడబడలేదు. "రబ్బరు గురించి మొన్న నాకు చూపించారు కదా, అదే వీళ్ళకి చెప్పండి" అని కూడా అంది.

ఎత్తోరె గొంతు సవరించుకున్నాడు. తర్వాత, బడిపిల్లాడు పద్యం అప్పగించినట్టు, ఒక్కొక్క మాటా విడివిడిగా పలికాడు.

"రబ్బరు బాగానే ఉంది. బిగించడంలో లోపం. బిగించింది నేను. తప్పు నాదే."

జ్ఞానమ్మ చటుక్కున అతని వైపు తిరిగింది. "అదేంటండీ?" అంది తెలుగులో. వెంటనే సర్దుకుని ఇటాలియన్‌లో, "ఎందుకలా అంటున్నారు? కాగితం నేను లాగాను కదా" అంది.

"ఈ అమ్మగారు దుబాసి" అన్నాడు వియానీ ఇంగ్లీషులో, చాలా మర్యాదగా. "ప్రశ్నలు మిస్టర్ కీగన్ అడుగుతారనుకుంటాను."

"ఏమన్నాడు?" అన్నాడు కీగన్.

ఆమె ఎత్తోరె వంక చూసింది. అతను ఇప్పుడు తలెత్తాడు. కళ్ళలో కోపం లేదు, బతిమాలుకోవడమూ లేదు. చెప్పండి అన్నట్టు గడ్డం కొద్దిగా కదిపాడు.

"రబ్బరు బాగానే ఉందంటున్నారు. తప్పు తనదేనంటున్నారు."

"అంటే సోమవారం కాగితం సరైనదే?"

"కాదు, మిస్టర్ కీగన్. సోమవారం ఆయన ఈ మాట అనలేదు. ఇవాళ అన్నారు."

ఇంజనీరు చిన్నగా నవ్వాడు. కీగన్ నవ్వలేదు. కాని సోమవారం మాటకీ ఇవాళ్టి మాటకీ తేడా ఎక్కడ రాయాలో అతనికీ తెలియలేదు. కాగితం మీద ఉన్నది ఒకటే మాట. అరగంటలో కొత్త ప్రతి టైపయింది. దుబాసి సంతకానికి ఒక గీత. 'పై అనువాదము యథాతథమని ధ్రువీకరిస్తున్నాను.'

జ్ఞానమ్మ కలం అందుకుంది. సోమవారం తను చేసిన అనువాదం తప్పు, సంతకం పెట్టింది. ఇవాళ్టి అనువాదంలో ఒక్క అక్షరం తేడా లేదు, కాని ఆ మాటే అబద్ధం. అనువాదం నిజమేనా అని మాత్రమే కాగితం అడుగుతోంది. నిజమే. సంతకం పెట్టింది.

నాలుగింటికి డ్యూటీ దిగి కారు దగ్గరికి వెళ్తుంటే ఎత్తోరె ఆమె కోసమే కాచుకుని ఉన్నాడు. చలికి చేతులు చంకల్లో పెట్టుకున్నాడు.

"ఎందుకలా చేశారు?" అంది జ్ఞానమ్మ. "మీకోసమే నేను ఆయన దగ్గరికి వెళ్ళి చెప్పుకున్నాను."

"తెలుసు, సిన్యోరా." అతను నేల చూపు చూస్తూ చెప్పాడు. "ఈ శనివారం రెండు కంపెనీలూ రెండో ఒప్పందం మీద సంతకాలు చేస్తాయట. ఇంకో మూడేళ్ళు. తప్పు మీ రబ్బరుదంటే కాదు మీ కప్పుదే అని ఇప్పుడు వాళ్ళూ వీళ్ళూ తగువు పడితే ఆ సంతకాలు ఆగిపోతాయి. అక్కడ మా షాపులో నూట నలభైమంది ఉన్నారు. నా తమ్ముడు ఉన్నాడు. 'నువ్వు మార్చిలో ఎలాగూ రిటైరవుతావు, ఎత్తోరె' అన్నాడు వియానీ. అది నిజమే కదా."

"మరి మీ పేరు?"

అతను చంకల్లోంచి చేతులు తీశాడు.

"ముప్ఫై ఎనిమిదేళ్ళు పనిచేశాను. ఒక్క కారులోనూ నీళ్ళు కారలేదు" అన్నాడు. తర్వాత ఆమె మొహంలోకి చూశాడు. "మీరు చెడ్డ ఉద్దేశంతో చెయ్యలేదు. కాని ఒక మాట చెప్పనా? సోమవారం కాగితంతోనే నేను వెళ్ళిపోయి ఉంటే, అమెరికన్లకి నా మాట అర్థం కాలేదని అనుకుంటూ బతికేవాణ్ణి. ఇప్పుడు ఆ మాట నా నోటితో నేనే అన్నాను."

జ్ఞానమ్మ కారు తాళాలు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. క్షమించండి అనాలని ఉంది. దానికి ఏ మాట వాడాలో తేల్చుకోలేకపోయింది. అతనే టోపీ పెట్టుకుని, ఆమెకు తలవంచి, బస్సుల వైపు నడిచాడు.

శుక్రవారం ఉదయం కీగన్ ఆమెను గదిలోకి పిలిచి తలుపు మూశాడు. బల్ల మీద పాత న్యూస్‌పేపర్ పరిచి ఉంది. దాని మీద జానెడు బీడింగ్ ముక్క.

"నిన్న దీన్ని ఇంటికి తీసుకెళ్ళి ఫ్రీజర్‌లో పెట్టాను. ఇవాళ పొద్దున తీసి వంచితే పెన్సిలు విరిగినట్టు విరిగింది" అన్నాడు. "రబ్బరు మార్చమని ఆర్డరు రాశాను. ఇవాళే టైప్ చెయ్యి."

"మరి ఆయన్ని ఉంచేస్తారా?" అంది ఆమె ఆత్రంగా.

కీగన్ కిటికీ వైపు చూశాడు. "ఆ కాగితం పైకి వెళ్ళిపోయింది. తప్పు తనదేనని మనిషి తనే ఒప్పుకుంటే నేనేం చెయ్యను, జీనా? రబ్బరు మారుస్తున్నాం కదా, కస్టమర్ మోకాలు తడవదు. నా చేతిలో ఉన్నది అంతే."

ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతులోనూ ధీమా లేదు.

ఆమె ఫారం మిషనులోకి ఎక్కించింది. తేదీ, భాగం పేరు, కారణం. కారణం దగ్గర, చలికి రబ్బరు గట్టిపడటం అని కొట్టింది. దాని కింద ఒక గడి ఉంది. లోపాన్ని మొదట గుర్తించినవారు. కీగన్ రాతప్రతిలో అది ఖాళీగా ఉంది. చాలామంది ఖాళీగానే వదిలేస్తారు. జ్ఞానమ్మ ఒక్కొక్క అక్షరం చూసుకుంటూ కొట్టింది. ఎత్తోరె లొకాతెల్లి, ఫిట్టర్, రోవెల్లి.

కీగన్ సంతకం పెట్టబోయి ఆ గడి దగ్గర ఆగాడు.

"ఇది రాయమని నేను చెప్పలేదే."

"చెప్పలేదండీ. కాని మొదట గుర్తించింది ఆయనే కదా."

"తప్పు తనదేనని అతనే చెప్పినట్టు నిన్న నువ్వే సంతకం పెట్టావు."

"పెట్టాను. ఆయన చెప్పారు కాబట్టి పెట్టాను. ఇది కూడా ఆయన చెప్పిందే." ఆమె ఫారం అతని వైపు జరిపింది. "దీన్ని మళ్ళీ టైప్ చెయ్యమంటే ఇంకెవరికైనా ఇవ్వండి. నేను చెయ్యను."

డిసెంబరు గుర్తొచ్చింది. పర్మనెంట్ కాకపోతే ఇంట్లో ఏం చెప్పాలన్నదీ అప్పుడే తట్టింది. కీగన్ కలం మూత తీసి, పెట్టి, మళ్ళీ తీశాడు. చివరికి సంతకం చేసేశాడు. "ఈ గడి ఎవరూ చదవరులే" అన్నాడు. తనకి చెప్పుకున్నాడో, ఆమెకి చెప్పాడో.

మూడింటికి ఎత్తోరెని తీసుకెళ్ళే వ్యాను గేటు దగ్గర ఆగింది. జ్ఞానమ్మ కార్బన్ ప్రతి మడిచి పట్టుకుని పరుగులాంటి నడకతో వెళ్ళింది. అతనికి ఇంగ్లీషు రాదు. కాగితం దూరంగా పట్టుకుని చూసి, తన పేరు మీద వేలు పెట్టాడు.

"ఏముంది ఇందులో?"

ఆమె చదివి చెప్పింది. రబ్బరు మారుస్తున్నారని, చలికి గట్టిపడుతోందని మొదట కనిపెట్టినది మీరేనని. ఒక్క మాట వదల్లేదు, ఒక్క మాట కలపలేదు.

అతను ఆ పేరు మీదే చాలాసేపు చూపు నిలిపాడు. తర్వాత కాగితం పాత మడతల మీదే మడిచి ఆమె చేతిలో పెట్టేశాడు.

"ఇది నాతో బెర్గమోకి రాకూడదు, సిన్యోరా. అక్కడి పెద్దలు చూస్తే నేను అబద్ధమాడానని తేలిపోతుంది. నూట నలభైమందీ మళ్ళీ..." అని ఆగాడు. "కాని చింపకండి."

వ్యాను తలుపు మూసుకుంది. లోపల్నుంచి అతను ఏదో అన్నాడు. అద్దం మూసి ఉండటంవల్ల వినపడలేదు.

జ్ఞానమ్మ పైకి వచ్చి ఫైళ్ళ బీరువా తెరిచింది. లొకాతెల్లి పేరుతో పల్చటి ఫైలు ఒకటి ఉంది. అందులో సోమవారం కాగితం, గురువారం కాగితం. రెండింటి కిందా ఆమె సంతకం. మూడో కాగితాన్ని ఎక్కడ పెట్టాలి? పైనా, అడుగునా? ఏది పైన ఉంటే అదే నిజమవుతుందా? ఆమె మూడింటినీ బయటికి తీసి కుర్చీలో కూర్చుంది. ఒకదాని తర్వాత ఒకటి చదివింది. మళ్ళీ చదివింది. నీళ్ళు కారడానికి కారణం అతను. కారణం కనిపెట్టినది అతను.

"ఏం వెతుకుతున్నావు జీనా?" అని పక్క బల్ల నుంచి ఎవరో అడిగారు.

"ఏమీ లేదు" అంది.

మూడు కాగితాల అంచులూ సరిచేసి, కలిపి పట్టుకుని, స్టాప్లర్ కింద పెట్టి అరచేత్తో గట్టిగా నొక్కింది. ఇక ఒకటి చదివినవాళ్ళకి మిగతా రెండూ చేతిలోకి వస్తాయి. ఫైలు బీరువాలో పెట్టి సొరుగు మూసేసింది.